సపోర్ట్ ఎటువైపు నుంచి?

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివా, బావుంది, ముఖ్యంగా అమ్మమ్మ బస్సెక్కే సీను. కానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయా. నాలుగు పేజీల్లో "సపోర్ట్" ఏడుసార్లు వచ్చింది. నాన్న సపోర్ట్ చేశాడు, అమ్మమ్మకి చేతికర్ర సపోర్ట్, ఊళ్లోవాళ్ల సపోర్ట్ లేదు, మేనమామ తప్పుచేసిన కొడుక్కే సపోర్ట్... ఇంగ్లీష్ మాట వద్దనట్లేదు, కస్టమర్ సపోర్ట్‌కి ఫోన్ చేశాడని రాస్తే అది అలాగే ఉండాలి, ఎవరూ ఇంకోలా అనరు. నా బాధ వేరే. ఆ మాట లాటిన్‌లో కింద నుంచి మోయడం అనే అర్థంతో పుట్టి ఇప్పుడు ఇంగ్లీషులో అన్ని వైపులకీ పాకింది, మనకేమో ఒక్కో వైపుకీ ఒక్కో మాట ఉంది.

వెనక నిలబడితే దన్ను. పక్కనుంటే అండ, తోడు. ఒరిగేదానికి ఆనిస్తే ఊతం, కోనసీమలో అరటిగెల బరువుకి చెట్టు పడిపోకుండా వెదురు గెడ ఆనిస్తారు చూడు, అలాగ. అమ్మమ్మ చేతిలోది ఊతకర్రే కదా, పేరులోనే ఉంది. మేనమామ చేసింది కొడుకుని వెనకేసుకురావడం, ఇంకొంచెం కోపంగా అయితే వత్తాసు, ఆ ఒక్క మాటతో ఆయన మీద నీ అభిప్రాయం కూడా చదివేవాళ్లకి తెలిసిపోతుంది, సపోర్ట్ అంటే తెలీదు.

మద్దతు మాత్రం చూసి వాడు, అది వెనక్కి తీసుకోగలిగేది. 1999లో అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకున్నాక వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, అక్కడ ఆసరా అని రాయలేం. అదే 2014లో తెలంగాణలో పింఛన్లకి ఆసరా అని పేరు పెట్టారు, ముసలివాళ్ల నోట్లో ఎప్పట్నుంచో ఉన్న మాట కాబట్టి అతికింది, మద్దతు పింఛన్ అంటే ఎలా ఉండేదో అనుకో.

ఇక నాన్న సంగతి. ఏమీ మాట్లాడకుండా మూడేళ్లు ఫీజులు కట్టాడని నువ్వే రాశావు. ఖర్చు భరించడం, కష్టం భరించడం, రెండిటికీ మనకి ఒకటే మాట, భర్త అన్న మాటకి మూలం కూడా ఆ భరించడమే. ఆ వాక్యంలో సపోర్ట్ తీసేసి "నాన్న భరించాడు" అని పెట్టి ఒకసారి పైకి చదువు. మార్చాక ఆ పేజీ ఒక్కటీ పంపు, వెంటనే చూస్తా.