పోయినోళ్లను పిలిచి అడగొచ్చునా?

ప్రశ్న: టీచరమ్మకు నమస్తే. మా నాయిన పోయిన వానాకాలం చనిపోయిండు. ఊళ్లె ఒకాయనకు లక్ష రూపాయలు చేబదులిచ్చిన అన్నడు గని, పేరు చెప్పకముందే మాట పడిపోయింది. ఎరుకల సోది చెప్పే ఆమెను పిలిపిస్తే నాయిననే వచ్చి చెప్తడని అమ్మ పట్టుబట్టింది. చర్చికి పోయే మా అక్క అది పాపమంటది. పక్కింటి సాయిబు దర్గాల మొక్కుకోమంటడు. ఇంటర్ చదివే మా పిలగాడేమో ఫోన్ల చూసి, అక్షరాలు రాసిన అట్ట మీద గ్లాసు పెట్టి పిలుద్దామంటున్నడు. ఏ మతం ఏం చెప్తది? పైసలు పోతే పోనీ, నాయిన ఇంకేమన్న చెప్పాలనుకున్నడా అని అమ్మకు రాత్రిళ్లు నిద్ర పడ్తలేదు.
– పేరు వద్దన్న పాఠకుడు, అచ్చంపేట

జవాబు: తమ్ముడూ, పైసల ముచ్చట ముందు రాసినవు, అమ్మ నిద్ర చివర్ల రాసినవు. నాకు చివరిదే అసలు ప్రశ్న అనిపించింది. దాని దగ్గరికి వస్త, ముందు మతాల సంగతి చూద్దాం.

చనిపోయినోళ్లతోని మాట్లాడుడు మన కథల్ల లేనిదేం కాదు. యుద్ధకాండల రావణుడు పడినంక దశరథుడు విమానంల వచ్చి రాముణ్ని ఒళ్లె కూసోబెట్టుకుంటడు. అప్పుడు రాముడు కోరింది ఒక్కటే, కైకను, భరతుణ్ని వదులుకుంటున్ననని కోపంల అన్న మాట వెనక్కి తీసుకొమ్మని. భారతం ఆశ్రమవాస పర్వంల అయితే యుద్ధమైన పదిహేనేండ్లు దాటినంక, వ్యాసుడు చచ్చిన వీరులందర్ని ఒక్క రాత్రికి గంగల నుంచి రప్పిస్తడు. గాంధారి, కుంతి, పాండవులు, కర్ణుడు, దుర్యోధనుడు పగ లేకుండ కలుసుకుంటరు. నిన్నెవరు మోసం చేసిన్రని లెక్కలు తీసే ముచ్చటే లేదు. తెల్లారేసరికి వాళ్లు పోతరు. వాళ్ల వెంట పోవాలనుకున్న భార్యలు అదే నీళ్లల్ల మునిగి ప్రాణాలు విడుస్తరు. పురాణం చెప్పేటోళ్లు ఈ ముక్కను చప్పున దాటేస్తరు గని, ఆ కథంతట్ల నాకు గుచ్చుకునేది అదే.

ఇగ మన కర్మకాండ. పన్నెండో నాటి సపిండీకరణంతోని ప్రేతరూపం పోయి పితృదేవతలల్ల కలుస్తరని గరుడపురాణం చెప్తది. తద్దినం నాడు వాళ్లను ఆవాహన చేస్తరు, పెడ్తరు, తృప్తిగ పొమ్మని సాగనంపుతరు. పెత్తరమాసకు మనం పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేది కూడ అసుంటిదే. పిలుచుడు ఉన్నది, పెట్టుడు ఉన్నది, ప్రశ్నలడుగుడు మాత్రం లేదు. మన దిక్కున్న లింగాయతులకైతే పిండాలే లేవు.

మీ అక్క మాట ఉత్తగ అన్నది కాదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంల చచ్చినోళ్ల దగ్గర విచారణ చెయ్యొద్దని తెగేసి ఉన్నది. సమూయేలు మొదటి గ్రంథం 28వ అధ్యాయం చదివి వినిపియ్యమను. సోదిగాళ్లను దేశంల లేకుండ చేసిన సౌలు రాజే, యుద్ధభయంతోని వేషం మార్చుకొని ఏన్దోరు ఊళ్లె చచ్చినోళ్లను పిలిచే ఒక ఆడామె దగ్గరికి పోతడు. అప్పటికే చనిపోయిన ప్రవక్త సమూయేలు లేచి వచ్చి, నన్నెందుకు కదిలించినవని గద్దించి, రేపు నువ్వు నీ కొడుకులు నా దగ్గరికే వస్తరంటడు. రాజు కుప్పకూలుతడు. అప్పుడు ఆ ఆడామెనే దూడను కోసి, రొట్టె చేసి తినిపిస్తది. క్యాథలిక్కులు నవంబరు 2న సమాధుల దగ్గర చనిపోయినోళ్ల కోసం ప్రార్థన చేస్తరు గని, వాళ్లను పిలిచి అడుగుడు వాళ్లకూ నిషేధమే. మన పాలమూరు దిక్కున్న బాప్టిస్టు, మెన్నొనైట్ సంఘాలల్ల అయితే చనిపోయినోళ్ల కోసం ప్రార్థన కూడ ఉండదు.

ఇస్లాంల చావుకు, తీర్పు దినానికి నడుమ బర్జఖ్ అనే తెర ఉన్నదంటరు. ఖురాన్ 23వ సూరాల ఆ మాట వస్తది. ఖబ్రస్తాన్‌కు పోయి సలాం చెప్పొచ్చు, దువా చెయ్యొచ్చు. దర్గాలల్ల ఉండే వలీల, అంటే పుణ్యపురుషుల దగ్గర మొక్కే విషయంల వాళ్లల్లనే తకరారు ఉన్నది. జాన్‌పహాడ్‌కో జహంగీర్ పీర్ దర్గాకో పోయేటోళ్లు, వలీ మా తరఫున అల్లాకు చెప్తడంటరు. అదీ తప్పేననే ఉలేమాలు, అంటే మతపండితులు ఉన్నరు. ఏ తీరుగ చూసినా, ఖబర్ల ఉన్నాయన బాకీదారు పేరు చెప్తడని మీ సాయిబు కూడ అనడు.

సోది చెప్పే ఆమెను నేను మోసగత్తె అనను. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్ల చూసిన. చాటల బియ్యం పోసుకొని, తాత వచ్చినట్టు వరసలు పెట్టి పిలుస్తుంటే అమ్మమ్మ ఏడ్చి ఏడ్చి తేలికపడ్డది. గని ఆమె సగం అంటే మిగిలిన సగం ఔ, ఔ అనుకుంట మా ఇంటోళ్లే అందిస్తుండిరి. ఓదార్పు నిజమే, సమాచారం మాత్రం మనదే. మీ ఇంట్ల అట్ల ఒక పేరు బయటపడ్డదనుకో, ఆ పేరున్నాయన బతికున్న మనిషి. చేతబడి, బాణామతి అనుమానంతోని మన జిల్లాలల్ల మనుషుల ప్రాణాలు తీసిన సంగతి నీకు తెల్వంది కాదు.

గ్లాసుది ఒక్క మాటల పోనిద్దాం. బల్లలు వాటంతటవే తిరుగుతున్నయని ఇంగ్లండుల గోల లేచినప్పుడు, 1853ల ఫారడే అనే సైంటిస్టు పరీక్ష పెట్టి, తెల్వకుండ తోస్తున్నది చేతులేనని చూపించిండు. అక్షరాల అట్టకు అమెరికాల 1891ల పేటెంటు తీసుకొని ఆటవస్తువుగ అమ్మిన్రు. పిలగాణ్ని పరీక్షలు చూసుకోమను.

లక్ష కోసం నాయిన పెట్టె, బ్యాంకు పాసుబుక్కు, అడ్తి చీటీలు వెతుకు. అంత పైకం ఏ తేదీన తీసిండో దొరికితే, ఆ రోజుల్ల ఎవరింట్ల పెండ్లో, బోరు బావో ఊరంతకు యాదికుంటది. ప్రామిసరీ నోటు దొరికితే జాగు చెయ్యకు, రాసిన తేదీ నుంచి 3 ఏండ్లు దాటితే కోర్టుల నడ్వదు.

అమ్మ సంగతి. మాట పడిపోయినంక నాయిన పక్కన ఎవరెవరు కూసున్నరో వాళ్లను పిలువు. చెయ్యి పట్టుకుంటే నొక్కిండా, ఎవరి దిక్కు చూసిండు, నీళ్లు తాగిండా, అన్నీ అమ్మకు మెల్లగ చెప్పమను. ఒక్కసారి కాదు, ఆమె అడిగినన్ని సార్లు. సోమశిలకో బీచుపల్లికో తీసుకపో. కృష్ణ ఒడ్డున కూసొని ఆయనతోని మాట్లాడుకుంటే ఏ శాస్త్రమూ అడ్డం రాదు. అయినా సోది కావాలనే అంటే కాదనకు. ఆమెకు బియ్యం పొయ్యి, మర్యాద చెయ్యి, బాకీదారు పేరు మాత్రం ఎత్తొద్దని ముందే ఒప్పించుకో.