ఆ మూడువందల డాలర్లు ఎక్కడ?

చిరంజీవికి,

ఆశీస్సులు. 1855లో చికాగోలో బీరు దుకాణాల మీద జరిగిన గొడవ గురించి నువ్వు రాసిన కథ అందిన రోజే చదవడం మొదలుపెట్టాను. ఐదో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్లీ తీస్తే పన్నెండో పేజీలో ఆ జర్మన్ ఆవిడ కనిపించింది. ఈ ఉత్తరం ఆ రెండు పేజీల గురించే. మారుపేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు, అవి తరువాత చూద్దాం.

ఐదో పేజీలో ఏం రాశావు? "ఆ ఏడాది నగర కౌన్సిల్ సారా దుకాణాల మీద పన్ను విపరీతంగా పెంచింది" అన్నావు. అంతటితో సరిపెట్టి, వెంటనే సభలో కౌన్సిల్ సభ్యుడైన ఒక ఆల్డర్మన్‌ను నిలబెట్టి స్వేచ్ఛ గురించి మూడు పేజీలు మాట్లాడించావు. అమ్మా, అది పన్ను కాదు, లైసెన్సు రుసుము. ముప్పై ఒక్క ఏళ్లు మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఈ తేడా చూసీచూడనట్టు పోనివ్వలేను. ఇంటిపన్ను కట్టకపోతే నోటీసు వస్తుంది, మళ్లీ నోటీసు వస్తుంది, ఏళ్ల తరబడి బకాయి పేరుకుంటుంది. మనిషి మాత్రం ఆ ఇంట్లోనే ఉంటాడు. లైసెన్సు రుసుము అలా కాదు. గడువు దాటిందంటే నిన్నటిదాకా నువ్వు చేసిన వ్యాపారమే ఇవాళ నేరం. నిన్న పోసిన గ్లాసే ఇవాళ పోస్తే పోలీసు వచ్చి పట్టుకుపోతాడు. 1855 వసంతంలో చికాగోలో బీరు దుకాణాలవాళ్లను అలాగే పట్టుకుపోయారు. నీ కథంతా దాని మీదే నడుస్తోంది, నువ్వేమో దాన్ని "పన్ను" అని రాసి దాటిపోయావు.

పైగా "విపరీతంగా" అంటే ఎంత? ఏడాదికి 50 డాలర్లున్న మద్యం లైసెన్సును కౌన్సిల్ ఒక్కసారిగా 300 డాలర్లు చేసింది. లైసెన్సు గడువును మూడు నెలలకు కుదించింది. కూలివాడికి రోజుకు డాలరు అటూ ఇటూగా దొరికే కాలమది. ఆదివారాలు తీసేస్తే ఏడాదిలో పని రోజులు మూడువందల పై చిలుకు. అంటే ఒక మనిషి ఏడాది పొడుగునా చేసిన కష్టం మొత్తం ఆ ఒక్క కాగితానికి సరిపోతుంది. నీ ఆల్డర్మన్ మూడు పేజీల్లో చెప్పలేకపోయింది ఈ అంకెలోనే ఉంది. అది నీకు తెలియక కాదు, తెలుసు. అందుకే కోపం వచ్చింది.

ఎలా తెలుసంటావా? పన్నెండో పేజీలో నువ్వే రాశావు కదా. దుకాణం మూసిన తరువాత ఆవిడ దీపం దగ్గరకు జరిపి, బల్ల తుడిచి, ఉన్న నాణేలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఒక దొంతర అయింది. దాని పక్కన అంతే వెడల్పున చోటు వదిలి తడి వేలితో గీత గీసింది. మళ్లీ చోటు, మళ్లీ గీత. అలా ఐదు ఖాళీ చోట్లు. భర్త వచ్చి చూసి ఏమీ అనకుండా చేత్తో గీతలు తుడిచేశాడు. ఇది చదివి లేచి వరండాలో కాసేపు నిలబడ్డాను. ఇంత రాయగలిగినదానివి ఆ ఉపన్యాసం ఎందుకు పెట్టావు? పాఠకుడికి యాభై, మూడువందలు అన్న అంకెలు ముందే చెప్పి ఉంటే ఆ ఐదు ఖాళీలు చూడగానే గుండె జారేది. చెప్పలేదు కాబట్టి ఎవరో ఆవిడ డబ్బు లెక్కపెట్టుకుంటోంది అనుకుని పేజీ తిప్పేస్తారు. నేను తిప్పలేదంటే ఆ లెక్క నాకు ముందే తెలుసు కాబట్టి.

ఇదే తప్పు నేనూ చేశాను. నా చేత చేయించారు అంటే సరిగ్గా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఊరి కూరగాయల సంత ఆశీలు గంపకు పది పైసలుండేది, పాతిక పైసలు చేశారు. ఆ సమావేశం మినిట్స్ పుస్తకంలో ఎక్కించింది నేనే. "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాసి, సిరా ఆరేదాకా అద్దుడు కాగితం పెట్టి నొక్కాను. మర్నాడు పొద్దున సంత దారిన వస్తుంటే ఒక ఆకుకూరల ముసలమ్మ రెండు గంపల సరుకు ఒకే గంపలో కుక్కుతోంది. తోటకూర కాడలు విరిగిపోతున్నాయి. విరిగిన కట్ట ఎవరూ కొనరని ఆమెకు తెలుసు. అయినా కుక్కుతోంది. ఆ వారమే కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు తిప్పి పంపుతూ పక్కన పెన్సిలుతో, "లెక్కలు తీసేసి రాయండి, ఇది కథ, జమాఖర్చుల పుస్తకం కాదు" అని రాశాడు. మొదటి కథ అచ్చవాలన్న ఆశ. పైసలు తీసేశాను. వాటి బదులు సూర్యాస్తమయం పెట్టాను. అచ్చయింది.

ఆ ముసలమ్మ మనవడు ఏడో తరగతి. కథ తీసుకెళ్లి వాడి చేత చదివించాను. ఆమె చివరిదాకా విని, "అంతా బాగుంది బాబూ, ఎంత పెంచారో ఎక్కడా రాయలేదేం?" అంది. ఆ మాట యాభై ఏళ్లుగా నా చెవిలోనే ఉంది. తరువాత ఎన్ని పత్రికలు ఎన్నిసార్లు తిప్పి పంపినా నా కథల్లో అంకె తీయలేదు. పోటీల్లో బహుమతులు రాకపోవడానికి అదీ ఒక కారణమని కొందరు అన్నారు. ఆ పోటీల న్యాయనిర్ణేతలకు కావలసింది కన్నీళ్లు. ఎంత ధరకు కన్నీళ్లు వచ్చాయో వాళ్లకు అక్కర్లేదు. ఈ మధ్య చారిత్రక కథ అంటే గుర్రపుబండి, కొవ్వొత్తి, మంచు ఉంటే చాలనుకుంటున్నారు. నీ మొదటి పేజీలో ఆ మూడూ ఉన్నాయి. మూడూ తీసెయ్.

వాటి బదులు బురద పెట్టు. చికాగోకు బురద కావాలి. సరస్సు మట్టానికి కాస్త ఎత్తున, నీరు పారడానికి వాలు లేని నేల అది. 1854లో కలరా ఊరిని ఊడ్చేసింది. 1855లోనే మురుగు పారుదలకు ప్రత్యేక కమిషన్ వేసి, ఎల్లిస్ చెస్‌బ్రో అనే ఇంజినీరును తెచ్చుకున్నారు. కాలువ తవ్వడానికి లోతు లేదు కాబట్టి గొట్టాలు నేల మీదే వేసి, వాటి మీద మట్టి పోసి, వీధులనే కొన్ని అడుగులు ఎత్తారు. వీధి లేచింది, ఇల్లు కింద ఉండిపోయింది. ఇక ఇంటివాళ్లు తమ ఇళ్లను తామే స్క్రూ జాకీల మీద లేపించుకోవలసి వచ్చింది. 1861లో ట్రెమాంట్ హౌస్ అనే పెద్ద ఇటుకల హోటల్నే అలా లేపారు. స్తోమతు లేనివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. కాలిబాట ఒక దుకాణం ముందు ఎత్తుగా, పక్క దుకాణం ముందు పల్లంగా, మధ్యలో మెట్లు. నడిచేవాడి కాళ్లకు తెలిసిపోయేది ఎవరి దగ్గర డబ్బుందో, ఎవరి దగ్గర లేదో. ఇంత ఊరు కళ్లముందు పెట్టుకుని మంచు గురించి రాస్తావా?

మేయరు లీవై బూన్ సంగతి. నువ్వు అతన్ని చుట్ట కాల్చే దుర్మార్గుడిగా చేశావు. బూన్ వైద్యుడు. అంతకుముందు కలరా రోజుల్లో ఊరికి వైద్యం చేసినవాడు. రాష్ట్రంలో మద్యనిషేధం ఎలాగూ వస్తుందని, రుసుము పెంచితే చిన్నా చితకా దుకాణాలు ముందే రాలిపోతాయని నమ్మాడు. ఊళ్లో సగంమంది పరాయి దేశంలో పుట్టినవాళ్లే. వాళ్లంటే పడని పార్టీ తరఫున గెలిచాడు, పోలీసు ఉద్యోగాల్లోకి వాళ్లను రానివ్వలేదు. తాను మంచే చేస్తున్నాననుకున్న మనిషి అతను. అందుకే భయం వేస్తుంది. నేను పనిచేసిన కౌన్సిళ్లలో దుర్మార్గులు తక్కువ. నూటికి తొంభైమంది ఊరికి మేలు చేస్తున్నామనుకునే చెయ్యెత్తేవాళ్లు. ఆశీలు పెంచిన రోజున కూడా సంతకు పైకప్పు వేయిద్దామన్న సదుద్దేశమే మాట్లాడారు. చుట్ట తీసేసి, కలరా రోగి పక్కన కూర్చున్న చేతులు పెట్టు బూన్‌కు. ఆ చేత్తోనే ఆదివారం దుకాణాలు మూయించమని ఉత్తర్వు వేయించు.

ఆదివారం ఎందుకు ముఖ్యమో కూడా నీ కథలో తెలియలేదు. ఆరు రోజులు పనిచేసిన జర్మన్ కుటుంబం పిల్లాపాపలతో కూర్చునేది ఆ ఒక్కరోజే, ఆరుబయట కూర్చుని బీరు తాగే ఆ బీరు తోటల్లోనే. దాన్ని "సారా దుకాణం" అంటే మన పాఠకుడి కళ్లకు వేరే దృశ్యం కడుతుంది. బీరు దుకాణమనే రాయి. అలాగే రెండో పేజీలో ఆ పాత ఆల్డర్మన్ చిన్ననాటి ఊరిని తలచుకుంటూ "దారితప్పిన జంతువుల ఆశ్రయ కేంద్రం" అంటాడు. ఇంగ్లీషు పుస్తకంలో చదివి మాటకు మాట పెట్టినట్టుంది. తెలుగులో దాన్ని బందెలదొడ్డి అంటారు తల్లీ. మా ఆఫీసు వెనకే ఉండేది. పొలం మేసిన గేదెను తోలుకొచ్చి కట్టేస్తే, జరిమానా కట్టి విడిపించుకుపోయేవారు. చికాగోలో 1832లో కట్టిన మొట్టమొదటి ప్రభుత్వ కట్టడం అదే. ఖర్చు 12 డాలర్లు. గుడి కాదు, బడి కాదు, కచేరీ కాదు, బందెలదొడ్డి. ఆ ఒక్క మాట పెట్టి ఉంటే అనంతపురంలో చదివేవాడికి కూడా ఆ ఊరు తన ఊరైపోయేది.

ఆ అరెస్టుల మీద ఏప్రిల్ 21న జరిగిన గొడవ బాగా రాశావు. ఉత్తరపు ఒడ్డు నుంచి జనం వస్తుంటే నది మీది క్లార్క్ వీధి వంతెనను పక్కకు తిప్పేయడం, ఇటు దిగినవాళ్లు ఇటు, అటు ఉన్నవాళ్లు అటు నిలిచిపోవడం కళ్లకు కట్టింది. తుపాకి పేలింది, మనిషి పడ్డాడు, కథ ఆపేశావు. అక్కడ ఆపడం నాకు నచ్చలేదు. ఆ రోజుల్లో మేయరు పదవి ఏడాదే. 1856 మార్చిలో జర్మన్లు, ఐరిష్‌వాళ్లు గుంపులు గుంపులుగా వచ్చి ఓట్లేశారు. బూన్ పక్షం ఓడిపోయింది. లైసెన్సు మళ్లీ 50 డాలర్లయింది. తుపాకి చేయలేని పని ఒక తీర్మానం చేసింది. మరి నీ కథలోని ఆ జర్మన్ ఆవిడ దుకాణం ఆ ఏడాది పాటు నిలిచిందా? ఆ ఐదు దొంతర్లు ఎక్కడి నుంచి తెచ్చింది? ఎవరి దగ్గర చేబదులు అడిగింది? నువ్వు రాయవలసిన కథ అది.

సభ కూడా వేరేగా రాయాలి. నేను చూసిన ఏ కౌన్సిల్లోనూ పెద్ద విషయానికి పెద్ద మాటలు రావు. కల్వర్టు మరమ్మతు మీద గంటన్నర కొట్టుకుంటారు. రుసుము పెంపు అజెండాలో పదకొండో అంశంగా వస్తుంది. అప్పటికి అందరికీ ఆకలేస్తుంటుంది. చదువుతారు, చేతులెత్తుతారు, పన్నెండో అంశానికి పోతారు. నీ ఆల్డర్మన్‌ను కూర్చోబెట్టు. గుమాస్తాను నిలబెట్టి చదివించు. అంకె దగ్గర ఒక్క క్షణం అతని గొంతు తడబడితే చాలు.

"ఇంత వివరం నాకెక్కడ దొరుకుతుంది?" అని అడిగావు. నువ్వున్న చికాగోలోనే దొరుకుతుంది. 1871 అక్టోబరు అగ్నిప్రమాదంలో పాత కౌన్సిల్ కాగితాలన్నీ కాలిపోయాయని వందేళ్లకు పైగా అందరూ నమ్మారు. 1980ల్లో ఒక నగర గిడ్డంగిలో సుమారు 35 వేల కాగితాలు బయటపడ్డాయి. 1833 నుంచి 1871 దాకా అర్జీలు, బిల్లులు, తీర్మానాలు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆఫీసులో చెదలు తిన్న దస్త్రాలను చెత్తబండిలోకి ఎత్తించిన చేతులు ఇవి, తెలుసా? పైవాళ్లు చెప్పారు, ఎత్తించాను. ఆ ముసలమ్మలాంటివాళ్లు ఎవరైనా వేలిముద్ర వేసి అర్జీ పెట్టుకున్నారేమో, ఇక ఎవరికీ తెలియదు.

ఆ చికాగో కాగితాలు నార్త్‌ఈస్టర్న్ ఇలినాయ్ యూనివర్సిటీలో ఉన్న రాష్ట్ర ప్రాంతీయ ఆర్కైవ్స్‌లో ఉంచారు. ఆఫీసుకు ఒక రోజు సెలవు పెట్టి వెళ్లు. కౌన్సిల్ చట్టాలు కాదు, ముందు అర్జీలు అడుగు. మా వీధి కాలిబాట పలకలు ఊడిపోయాయని, మా ఇంటి ముందు నీళ్లు నిలుస్తున్నాయని, మాకు లైసెన్సు ఇప్పించమని పెట్టుకున్నవి. కథ తిరగరాయడం ఆ తరువాత.

వాటిలో ఒకదానికి నకలు తీయనిస్తే నాకు ఒకటి పంపు. బీరు దుకాణందారుదైతే మరీ మంచిది. నాకు ఆ భాష రాదు, ఫరవాలేదు. సంతకం పెట్టినవాడు కలం ఎంత గట్టిగా నొక్కాడో చూడాలని ఉంది.

ఇట్లు
నీ మేలు కోరే మాస్టారు