మీసా నిర్బంధానికి ఇప్పుడు పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: జబల్‌పూర్‌లో రైల్వేలో పనిచేసిన మా నాన్నగారిని ఎమర్జెన్సీలో మీసా (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) కింద జైల్లో పెట్టి, 1977లో వదిలారు. అప్పట్లో అక్కడి హైకోర్టులో వేసిన హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని విడిపించమనే పిటిషన్) సుప్రీంకోర్టు తీర్పు వల్ల వీగిపోయింది. ఆ తీర్పు తప్పని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది కదా, కేసు తిరగదోడి పరిహారం అడగవచ్చా? నాన్నగారు ఇప్పుడు లేరు. కాగితాలు సగం చెదలు తినేశాయి. జైలు సర్టిఫికెట్ పుట్టిస్తానని ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. ఆ రోజులు తలుచుకుని అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది.

జవాబు: కుదరదు. హెబియస్ కార్పస్‌లో కోర్టు చూసేది, మనిషి ఇప్పుడు అక్రమ నిర్బంధంలో ఉన్నాడా అన్నదే. విడుదలతోనే ఆ పిటిషన్‌కు పని తీరిపోయింది.

మీరు చెప్పిన తీర్పులో, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జడ్జీలు నలుగురు, ఎమర్జెన్సీలో నిర్బంధితుడు కోర్టుకు రాలేడన్నారు. జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కలేదు. చివరికి 2017లో ఆయన మాటే నిలిచింది. అయినా పాత తీర్పును కొట్టేసినంత మాత్రాన, దాని కింద ముగిసిన కేసులు మళ్లీ తెరుచుకోవు.

మీ కేసును తేల్చేది కాలపరిమితి. అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం దావా, నిర్బంధం ముగిసిన ఏడాదిలోపు వేయాలి. మీకది 1978లోనే దాటిపోయింది. రుదుల్ షా కేసులో 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించిందని ఎవరైనా చెబితే నమ్మి ఫీజు కట్టకండి. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో ఉంచిన ఆయన కోసం, జైల్లో ఉండగానే కోర్టులో కేసు వేశారు. మీరు దాదాపు 50 ఏళ్ల తర్వాత వస్తున్నారు.

సర్టిఫికెట్ పుట్టిస్తానన్న ఆయన్ని గుమ్మం తొక్కనివ్వకండి. నకిలీ కాగితం దాఖలు చేస్తే ఫోర్జరీ కేసు మీ మీదే పడుతుంది, నాన్నగారి నిజమైన జైలు జీవితం కూడా అబద్ధమైపోతుంది. అసలు ఆయన బతికుండగానే సర్టిఫైడ్ కాపీలు తీసుకోవాల్సింది. చెదలు పట్టేదాకా పెట్టెలో వదిలేయడం నిర్లక్ష్యమే.

దారి ఒకటుంది. రాజకీయ, సామాజిక కారణాలతో మీసా కింద జైలుకెళ్లినవారికి మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2008లో సమ్మాన్ నిధి (గౌరవ భృతి) పెట్టింది. అమ్మగారికి ఏ మేరకు వర్తిస్తుందో కలెక్టర్ ఆఫీసులో అడగండి. అప్పట్లో నిర్బంధానికి కారణాలు చెప్పనక్కర్లేదని చట్టం మార్చారు కాబట్టి, ఆర్డర్‌లో కారణం ఉండకపోవచ్చు. అందుకే జైలు రిజిస్టర్, కలెక్టరేట్ ఫైలు రెండూ కావాలి. ఆర్‌టీఐ కింద దరఖాస్తు పెట్టండి. జబల్‌పూర్ హైకోర్టులో పాత పిటిషన్ సర్టిఫైడ్ కాపీకి కూడా దరఖాస్తు చేయండి. కేసు నంబర్ కోసం మిగిలిన కాగితాలు ముందు స్కాన్ చేసి దాచండి. అమ్మగారి చేత ఆధార్, పెళ్లి రుజువుతో అఫిడవిట్ ఈ నెలలోనే రాయించండి.