జొన్నపాతర లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు సీమలో నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు మీద నవల రాస్తానన్నావు. కరువంతా ఒక నవలలో పట్టదు, ఒక ఇంటి జొన్నపాతర (జొన్నలు దాచుకునే నేలగొయ్యి) పడుతుంది. విత్తనానికి దాచిన జొన్నలు తినాలా వద్దా? ఒకే సంపుటంలో ముగిసే నవలకు ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆ గింజలు ఏమయ్యాయో తేలినచోట ఆపెయ్యి. కాటన్ దొర వచ్చాడనీ, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైందనీ చివర్లో అతికించకు. అది వేరే నవల.

ముందు తేదీలు సరిచూసుకో. నందన 60 ఏళ్లకోసారి తిరిగొస్తుంది: 1832–33 (నీ కరువు ఇదే), మళ్లీ 1892–93. కాగితంలో ఏడాది పేరొక్కటే ఉంటే తొందరపడకు, పక్కన ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) ఉందేమో వెతుకు. ఫసలీ 1242కు 590 కలిపితే 1832. అయితే ఫసలీ జులైలో మొదలవుతుంది గనక 1833 జనవరి కూడా 1242లోదే, దానికి 591 కలపాలి. ఇక్కడ పొరపడితే కథ ఏడాది అటో ఇటో జరిగిపోతుంది.

ఇక పాతర. పుట్టి జొన్నలున్నాయనుకో. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు, మొత్తం 320 మానికలు. (కొలతలు సీమను బట్టి మారతాయి. నీ ఊరి కొలత ఒకటి తేల్చుకుని చివరిదాకా దాన్నే వాడు.) ఉగాది నుంచి రోజుకు 2 మానికలు తీస్తే 160 రోజులు, అంటే వినాయక చవితి వెళ్లిన వారానికి పాతర అడుగు తగులుతుంది. వాన జాడలేక శ్రావణం నుంచి ఒక మానికకు దిగితే దీపావళి ముందుదాకా ఈడుస్తారు. దిగుదామన్న మాట ముందు ఎవరి నోట వచ్చింది? ఎవరి కంచంలో ముందు తగ్గింది? నీ పాత్రలు అక్కడ పుడతాయి, వాళ్ల గుణగణాలు నువ్వు విడిగా వర్ణించనక్కర్లేదు.

బెజవాడ ఆనకట్ట 1855 నాటిది. అంతకుముందు మెట్టపల్లెలో కాలువ పారించకు, పూటపూటా వరన్నం వడ్డించకు. కిరసనాయిలు దీపం, అగ్గిపెట్టె కూడా వద్దు. ఆముదం దీపం, బూడిద కింద దాచిన నిప్పు, అది ఆరితే పొరుగింటికి పరుగు.

మాటతీరు కోసం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చదువు. 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి 1831లో తిరిగొచ్చారు, కరువుకు సరిగ్గా ముందు. అందులోంచి పదాలు ఏరుకో, వాక్యాలు ఎత్తుకోకు.

మొదటి ప్రతి అయ్యాక ప్రతి అధ్యాయం చివర పాతరలో ఇంకా ఎన్ని మానికలున్నాయో పెన్సిలుతో రాయి. లెక్క కుదరని అధ్యాయం తిరగరాయి.