మినీ ట్రాక్టర్‌కి పాత రోటావేటర్: షాఫ్ట్ టకటక, ఒక పక్కే లోతు, పిన్ను లూజు

మీ సమస్య ఇది: 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌కి నాలుగడుగుల సెకండ్‌హ్యాండ్ రోటావేటర్ తగిలించారు. ఎత్తితే షాఫ్ట్ (ట్రాక్టర్ తిరుగుడుని రోటావేటర్‌కి అందించే కడ్డీ) టకటకా కొడుతోంది, దున్నితే కుడిపక్క లోతుగా, ఎడమపక్క పైపైన పడుతోంది, టాప్ లింక్ (ట్రాక్టర్ వెనక పైన మధ్యలో ఉండే చెయ్యి) పిన్ను ఊగుతోంది. మెకానిక్ రోటావేటర్ గేర్‌బాక్స్ విప్పాలంటున్నాడు.

అప్పుడే విప్పించకండి. ఈ మూడూ తగిలింపులోనే వచ్చే తేడాలు.

ముందు పిన్నులు. మినీ ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఉండేది కేటగిరీ 1 లింకేజీ (పనిముట్టుని పట్టే మూడు చేతుల అమరిక: కింద రెండు లింకులు, పైన టాప్ లింక్): కింది లింకులకి 22 మి.మీ. పిన్నులు, టాప్ లింక్‌కి 19 మి.మీ. పెద్ద ట్రాక్టర్ల కేటగిరీ 2లో ఇవి 28, 25. మీ రోటావేటర్ పై బొక్క 25 కొలతకి ఉండి, అందులో 19 పిన్ను వేస్తే ఊగక ఏమవుతుంది? బయట 25, లోపల 19 ఉన్న బుష్ వేయండి. పిన్ను బదులు మామూలు బోల్టు మాత్రం వద్దు. మర ఉన్నచోట బొక్క అరిగిపోతుంది, బోల్టు తెగితే రోటావేటర్ వెనక్కి వాలిపోతుంది.

తగిలించేటప్పుడు రోటావేటర్ చదునైన నేలమీద ఉండాలి. ముందు ఎడమ లింక్, తర్వాత కుడి లింక్, చివర టాప్ లింక్. కుడి లింక్‌కి ఎత్తు సరిచేసే హ్యాండిల్ ఉంటుంది కాబట్టి దాన్ని రెండోదిగా పెడితే గడ్డపారతో తోసే పని ఉండదు. విప్పేటప్పుడు షాఫ్ట్ ముందు తీసి, తర్వాత టాప్ లింక్, కుడి, ఎడమ.

లోతు తేడాకి మొదట రెండు వెనక టైర్లలోనూ గాలి చూడండి. రెండూ సమానమైతే సిమెంటు నేలమీద నిలిపి, రెండు కింది లింకుల గుండ్లు (చివర పిన్ను దూరే గోళాలు) నేలనుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలిచి, కుడి హ్యాండిల్ తిప్పి సమానం చేయండి. రోటావేటర్ రెండు పక్కల స్కిడ్లూ (నేలమీద జారుతూ లోతుని ఆపే పట్టీలు) ఒకే నంబరు బొక్కలో ఉండాలి. పాత రోటావేటర్‌లో ఇదే ఎక్కువగా తప్పుతుంది. చెక్ చైన్లు (కింది లింకులు పక్కలకి ఊగకుండా పట్టే గొలుసులు) రోటావేటర్‌కి బిగువుగా, పక్కకి ఒక అంగుళం ఆట ఉండేలా పెట్టండి. దించినప్పుడు సరిపోయిన చైను ఎత్తినప్పుడు మరీ బిగుసుకోవచ్చు, రెండు స్థితుల్లోనూ చూడండి.

ఇక అసలు సంగతి షాఫ్ట్. షాఫ్ట్ మీద చెయ్యి వేసేటప్పుడల్లా ఇంజన్ ఆపి, తాళం జేబులో పెట్టుకోవాలి. పాత రోటావేటర్‌తో వచ్చిన షాఫ్ట్ వేరే ట్రాక్టర్ కొలతకి కోసి ఉంటుంది. అది పొడుగైతే ఎత్తే దారిలో ఎక్కడో ట్యూబు అడుగుకి తగిలి పి.టి.ఓ. (ట్రాక్టర్ వెనక తిరిగే ముక్కు, షాఫ్ట్ దానికే తగులుతుంది) బేరింగునీ గేర్‌బాక్స్ బేరింగునీ నెడుతుంది. ఆయిల్ సీలు కారడం అక్కడినుంచే మొదలు. షాఫ్ట్ లేకుండా రోటావేటర్‌ని మెల్లగా ఎత్తి, పి.టి.ఓ., గేర్‌బాక్స్ ముక్కు ఒకే ఎత్తులోకి రాగానే ఆపి, కింద దిమ్మలు పెట్టండి. రెండింటి మధ్య దూరం అతి తక్కువగా ఉండేది అక్కడే. షాఫ్ట్ రెండు ముక్కలూ విడదీసి చెరో వైపు తగిలించి, పక్కపక్కన పట్టుకుని గుర్తు పెట్టండి. ఇంకా 25-30 మి.మీ. ఖాళీ మిగిలేలా రెండు ట్యూబుల్నీ, ప్లాస్టిక్ గార్డుల్నీ సమానంగా కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, గ్రీజు పూయండి. తర్వాత పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి చూడండి: ఎంత సాగినా ట్యూబులు మూడో వంతు పొడవైనా ఒకదానిలో ఒకటి ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఆ షాఫ్ట్ పనికిరాదు, వేరేది కొనండి.

టకటకకి ఇంకో కారణం: చదరపు ట్యూబు ఉంటే రెండు ముక్కల్నీ పావు చుట్టు తేడాతో దూర్చే వీలుంది. లోపలి రెండు యోకులూ (జాయింటుని పట్టే రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరసలో ఉండాలి. దున్నే లోతులో గేర్‌బాక్స్ ముక్కు పి.టి.ఓ.కి సమాంతరంగా ఉండేలా టాప్ లింక్ సరిచేయండి; రెండు జాయింట్ల కోణాలూ సమానమైతేనే తిరుగుడు సాఫీగా ఉంటుంది.

ఇన్ని చేసినా పూర్తిగా ఎత్తి తిప్పితే చప్పుడు వస్తుంది, ఎందుకంటే కోణం మరీ ఎక్కువవుతుంది. బ్లేడ్లు నేలనుంచి ఒక అడుగు లేస్తే చాలు, లిఫ్ట్ లివర్ స్టాపర్ అక్కడే బిగించండి. మలుపులో పి.టి.ఓ. తిరగకుండా ఆపేయండి. తిరిగే షాఫ్ట్ దగ్గరికి తువ్వాలు, పంచె, కొంగు ఏదీ రానివ్వకండి. గార్డు లేకుండా అసలు నడపకండి. ఎత్తినప్పుడు స్టీరింగ్ తేలికైపోతే ముందు బరువులు తగిలించాలి.

అప్పటికీ కొడితే షాఫ్ట్ తీసి, క్రాస్ బేరింగుల్ని (జాయింటు మధ్య ప్లస్ ఆకారపు ముక్కకి ఉండేవి) చేత్తో ఊపి చూడండి. అవి గట్టిగా ఉండి, గేర్‌బాక్స్ ముక్కు ముందుకీ వెనక్కీ ఆడుతుంటే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.