సంక్రాంతికి కాదు, పునర్వసుకి రా

చిన్నీకి, మామయ్య దీవెనలు.

నూజివీడు తోటలో మామిడి టెంక మొక్కలకి నువ్వే చిన్నరసం అంటు కడతానన్నావని మీ అమ్మ చెప్పింది. ఆ పూట ఎదురైనవాళ్లందరికీ చెప్పుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో కడతావని తెలిశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ రోజుల్లో మామిడి పూత మీద ఉంటుంది తల్లీ! అంటు కోసం చిన్నరసం చెట్టు నుంచి కోసే పుల్ల కొసమొగ్గలో ఉండేది పూతే. చిగురు రావాల్సిన చోట పూత వచ్చి, పుల్ల ఎండిపోతుంది. చలికి అతుకు కూడా తొందరగా పడదు.

వేసవి సెలవులకి జరుపుదామనుకుంటావేమో, అదీ వద్దు. మీ తాతయ్య ఒక ఏడు కూలీలు దొరికారని రోహిణి కార్తెలో కట్టించారు. ఆయన కోత కోస్తే మొక్కకీ పుల్లకీ మధ్య వెంట్రుక దూరేది కాదు. రెండు పూటలా నీళ్లు మోశాం. కొన్నాళ్లకి మొగ్గలు పగిలి ఎర్రగా చిగురేసింది. ఊళ్లోవాళ్లని పిలిచి మరీ చూపించారు. తర్వాత వడగాలి మొదలైంది, చిగుళ్లన్నీ తలలు వాల్చేశాయి. అతుకు చుట్టూ కట్టిన టేపు విప్పి చూస్తే కోసిన చోటు నల్లబడింది, మొక్కకి ఎక్కడా అతకలేదు. పుల్ల తనలో దాచుకున్న సత్తువతోనే చిగురేసింది, వేరు నీళ్లు దానికి అందనేలేదు. తాతయ్య ఎవర్నీ ఏమీ అనలేదు. రెండ్రోజులు తోట వైపు వెళ్లలేదు, అంతే. అందుకే చిగురు కనపడగానే నాకు ఫోన్ చేసి సంబరపడకు. ఆ ఆకులు ముదిరి పచ్చబడ్డాక చెయ్యి.

పునర్వసు, పుష్యమి కార్తెలు చూసుకో, అంటే జూలై. గాలిలో తేమ ఉంటుంది, టెంక మొక్క రాగిరంగు చిగురు మీద ఉంటుంది. పూత రాని, మూణ్ణాలుగు నెలల వయసు కొమ్మ పెన్సిలంత లావుది ఎంచుకో. కోయడానికి వారం పది రోజుల ముందే తొడిమలు ఉంచి ఆకులు తుంచెయ్యాలి, కొసమొగ్గ ఉబ్బుతుంది. ఆ పని నేను చేసిపెడతాను. వాన పడుతుండగా కట్టకు, అతుకులోకి నీరు దిగితే కుళ్లుతుంది. తెరిపి చూసుకుని కట్టు.

కత్తి నీ వైపుకి లాగి కోయకు. వానాకాలం తోటలో పాములు తిరుగుతాయి, చీకటి పడితే టార్చి లేకుండా అడుగు పెట్టావంటే ఊరుకోను. అసలు పొద్దుగూకేలోపే ఇంటికి వచ్చెయ్యాలి. మీ అత్తయ్య కూడా ఇదే మరీమరీ రాయమంది.

సెలవు జూలైకి మార్చుకుని తేదీ చెప్పు. దాన్నిబట్టి ఆకులు తుంచుతాను.

మీ మామయ్య