రోజుకొక ఇంగ్లిషు పదం: మేనకోడలికి ఒక లేఖ

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

డిగ్రీ తరగతులు మొదలయ్యేలోగానే రోజుకొక ఇంగ్లిషు పదం నేర్చుకోవడం మొదలుపెట్టాలనుకుంటున్నానని, అందుకు ఏ పుస్తకం కొనాలో చెప్పమని అడిగావు. చోడవరంలో ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇక్కడికి వచ్చాక బీఎస్సీ పాఠాలన్నీ ఇంగ్లిషులో వినవలసిన నీకు ఈ సంకల్పం నీ అంతట నీకే కలగడం నాకెంతో సంతోషం కలిగించింది. ఫోనులో చెప్పి ఊరుకునే విషయం కాదు కనుక, ఇంగ్లిషు పాఠాలు చెప్పిన అనుభవంతో నాకు తోచినదంతా రాసి పంపుతున్నాను.

పుస్తకం సంగతి తరువాత చూద్దాం. రోజుకొకటి అంటే సంవత్సరానికి 365 పదాలు, మూడేళ్ల డిగ్రీ ముగిసేసరికి వెయ్యి పైచిలుకు. పెద్ద నిఘంటువుల్లో లక్షల పదాలుంటాయి కాబట్టి ఈ వెయ్యిలోకి వేటిని రానిస్తావన్నదే ముఖ్యం. పోటీ పరీక్షల గైడ్లలో అరుదైన పదాలను అక్షరక్రమంలో పేర్చి ఇస్తారు. వాటిని శ్రద్ధగా బట్టీ పట్టిన విద్యార్థులు కూడా పాఠ్యపుస్తకంలో ఒక పేజీని తడుముకోకుండా చదవలేక ఇబ్బంది పడడం నేను చాలాసార్లు చూశాను, ఎందుకంటే వారు కష్టపడి నేర్చుకున్న పదాలు ఆ పేజీలో ఎక్కడా ఉండవు, అక్కడ ఉన్నవాటిని వారెన్నడూ పట్టించుకోలేదు.

ఈ ఎంపిక మీదనే జీవితకాలం శ్రమించినవారు ఉన్నారు. ఢాకాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో, ఎక్కువగా వాడే సుమారు 2,000 పదాలతో ‘జనరల్ సర్వీస్ లిస్ట్’ అనే పట్టికను వెలువరించాడు. మామూలు రచనల్లో కనిపించే మాటల్లో దాదాపు 80 శాతం ఆ పట్టికలోనివే. వాటిలో చాలావరకు నీకు బడిలోనే పరిచయమై ఉంటాయి, మిగిలినవి ఏమైనా ఉంటే ముందు వాటినే పూర్తిచేయి. ఆ తరువాత నీకు ఎక్కువగా పనికొచ్చేది భాషా పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000 సంవత్సరంలో వెలువరించిన ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’ అనే పట్టిక. అందులో ఉన్నత విద్యకు అవసరమైన 570 పద కుటుంబాలు ఉన్నాయి, విద్యాగ్రంథాల్లో ప్రతి వంద మాటల్లో సుమారు పది వీటికి చెందినవే. ‘అస్యూమ్’, ‘డిరైవ్’, ‘సిగ్నిఫికెంట్’, ‘ఎవిడెన్స్’ వంటి ఈ పదాలు భౌతికశాస్త్రంలోనూ వస్తాయి, అర్థశాస్త్రంలోనూ వస్తాయి, పాఠం చెప్పేవారు వీటిని మీకు తెలిసినవిగానే భావించి ముందుకు సాగిపోతారు. రోజుకొక కుటుంబం చొప్పున తీసుకుంటే ఏడాదిన్నర దాటేసరికి పట్టిక మొత్తం నీదవుతుంది. కుటుంబమని ఎందుకంటున్నానంటే, ‘డిరైవ్’ నేర్చుకున్న రోజే ‘డెరివేషన్’, ‘డెరివేటివ్’ కూడా దాని పక్కనే రాసుకోవాలి.

అయితే పట్టికను మొదటి నుంచి చివరి వరకు వరుసగా చదవమని నేను చెప్పడం లేదు. నీవు చదువుతున్నప్పుడో వింటున్నప్పుడో ఎదురైన పదం అందులో ఉందేమో చూసి, ఉంటే దానినే ఆ రోజు పదంగా తీసుకో. ఏ వాక్యంలో ఎదురైందో ఆ వాక్యంతో సహా నోటుపుస్తకంలో రాసుకో, ఎందుకంటే పదం గుర్తుకు రాకపోయినా అది కనిపించిన సందర్భం గుర్తుకు వచ్చి, దాని వెంట పదమూ వస్తుంది. ఈ నగరంలో ఇంగ్లిషు ఎదురుకాని వీధి లేదు. రోజూ ఇంగ్లిషు దినపత్రికలో స్థానిక వార్తల పేజీ చదువు, పోర్టు గురించో ఉక్కు కర్మాగారం గురించో నీకు ముందే తెలిసిన సంగతి ఉంటుంది కనుక తెలియని పదానికి అర్థం చాలాసార్లు నీవే ఊహించగలవు. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం నీ హాస్టల్‌కు దగ్గరే, ఆదివారాలు అక్కడికి వెళ్లడం అలవాటు చేసుకో. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. అందులో ‘పెరిస్కోప్’ చూసినప్పుడు, ‘స్కోప్’ అనే భాగం చూడడానికి సంబంధించిన గ్రీకు ధాతువు నుంచి వచ్చిందని గుర్తుంచుకుంటే, నీ ప్రయోగశాలలోని ‘మైక్రోస్కోప్’, ఆకాశాన్ని చూసే ‘టెలిస్కోప్’ కూడా విడివిడిగా నేర్చుకోనక్కరలేదు.

ఇప్పటికే తెలుసనుకునే పదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మనం భోజనం చేసే చోటును హోటల్ అంటాం, ఇంగ్లిషులో అది బస చేసే చోటు. ‘గురించి చర్చించడం’ మన వాక్యం కాబట్టి ‘డిస్కస్’ తరువాత ‘అబౌట్’ చేర్చేస్తాం, ఆ క్రియకు అది అక్కరలేదు. పెద్ద వానను ‘హెవీ రెయిన్’ అంటారు గాని ‘బిగ్ రెయిన్’ అనరు. ఇవేవీ అర్థం మాత్రమే రాసుకుంటే తెలిసేవి కావు. అందుచేత ప్రతి పదానికీ దాని ముందు వెనుకల ఏ మాటలు వస్తాయో కూడా రాసుకోవాలి. ఉచ్చారణలో ఒక్క సంగతి తప్పక గమనించు: ‘రికార్డ్’ నామవాచకమైతే మొదటి అక్షరాన్ని, క్రియ అయితే రెండవదాన్ని ఒత్తి పలుకుతారు. తెలుగులో ఇలా ఒత్తి పలకడం వల్ల అర్థం మారదు కనుక మన చెవి దానిని సులభంగా పట్టుకోదు. నిఘంటువులో ఒత్తి పలకవలసిన అక్షరానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది మరపు. జర్మనీకి చెందిన మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీదనే పరీక్షలు జరుపుకొని 1885లో ఫలితాలు ప్రకటించాడు. అర్థం లేని అక్షరాల గుంపులను కంఠస్థం చేస్తే, ఒక్క రోజు గడిచేసరికే మూడింట రెండు వంతులు చేజారినట్లు తేలింది. అర్థమున్న పదాలు అంత వేగంగా పోవు గాని, తిరిగి చూడకపోతే అవీ నిలవవు. పాతవాటిని పట్టించుకోకుండా రోజూ కొత్త పదం రాసుకోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. నేర్చుకున్న మరునాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారానికి, నెలకు మరొక్కొక్కసారి ఆ పదం దగ్గరికి వెళ్లు. అలా వెళ్లినప్పుడు అర్థాన్ని చేత్తో మూసి, నీవే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాలి. ఊరికే చదివితే తెలిసినట్లే అనిపిస్తుంది, పరీక్ష హాలులో మాత్రం రాదు. రోజుకు ఇరవై నిమిషాలు కేటాయిస్తే అందులో కొత్త పదానికి అయిదు నిమిషాలు చాలు, మిగిలినదంతా పాతవాటికే ఇవ్వు. పరీక్షల రోజుల్లో కొత్త పదం మానినా నష్టం లేదు, పాతవి చూడడం మాత్రం మానకు.

ఇప్పుడు నీవు అడిగిన పుస్తకం. పదాల గైడు ఏదీ కొనవద్దు. ఇంగ్లిషు మాతృభాష కానివారి కోసం తయారుచేసిన నిఘంటువు ఒకటి చాలు. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో బోధిస్తూ అక్కడి విద్యార్థుల కోసం 1942లో వెలువరించిన నిఘంటువు ఈ కోవలో పేరుపొందినది, తరువాత దానిని ఆక్స్‌ఫర్డ్ వారు ‘అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’ పేరుతో ప్రచురిస్తూ వచ్చారు. అందులో అర్థాలు తేలిక మాటల్లో ఉంటాయి, చాలా పదాలకు ఉదాహరణ వాక్యాలుంటాయి. కొత్తది కొనే స్తోమత లేకపోతే పాతపుస్తకాల దుకాణంలో దొరికినదైనా సరిపోతుంది.

ప్రతి పదంతోనూ నీ జీవితానికి సంబంధించిన వాక్యం ఒకటి సొంతంగా రాయి. నిఘంటువులోని వాక్యాన్ని దించి రాస్తే లాభం లేదు. ఆ వాక్యాలను నెలాఖరున నాకు చూపించు. ఎర్ర సిరాతో దిద్ది, ఎక్కడ ఏ మాట ఎందుకు పొసగలేదో పక్కనే రాసి ఇస్తాను.

ఇట్లు
మీ మావయ్య